ఫోర్ట్ స్టికీన్ అను సరకు ఓడ

ఏటేట ఏప్రిలు 14వ తేదీన దేశమంతట అగ్నిమాపక దళములవారు ఒక దినమును పాటించుచుందురు. పాఠశాలలకు వచ్చి పిల్లలకు నిప్పు విషయమున జాగ్రత్తలు చెప్పుదురు. పిల్లలు ఇంటికి వచ్చి అవి మనకు చెప్పుదురు. ఆ తేదీయే యేల యని యడిగినచో బదులు చెప్పగలవారు తక్కువ. దాని వెనుక ఒక ఓడ కలదు. ఈ మాసము సోదరీమణులకు ఆ యోడ కథనే వినిపింపదలంచితిమి.

దాని పేరు ఫోర్ట్ స్టికీన్. 1942లో కెనడా పడమటి తీరమునగల ప్రిన్స్ రూపర్ట్ రేవున నిర్మింపబడినది. జర్మను జలాంతర్గాములు బ్రిటిషువారి వర్తకనౌకలను వరుసగా ముంచుచున్న కాలమది. మునిగినవానికి బదులుగా ఒకే అచ్చున తీసినట్లు కట్టిన ఓడలలో నిది యొకటి. బరువు 7,142 టన్నులు. యుద్ధనౌకల కీర్తి చరిత్రకెక్కును గాని, సేనలకు తిండియు, మందుగుండును మోసినవి ఇట్టి పేరులేని సరకు ఓడలే.

1944 ఫిబ్రవరి 24వ తేదీన నిది ఇంగ్లాండునందలి బర్కెన్‌హెడ్ విడిచినది. దాని గర్భమున సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములు, యుద్ధవిమానములు, వీనితోపాటు 31 పెట్టెల బంగారపు కడ్డీలు ఉండెను. కరాచీలో కొంత సరకు దింపగా ఖాళీయైన చోట 8,700 ప్రత్తి బేళ్లను, నూనె పీపాలను ఎక్కించిరి. వంటయింట కిరసనాయిలు డబ్బాను పొయ్యి ప్రక్కన ఉంచుటకు మనలో ఎవ్వరును ఒప్పుకొనరు. ఓడ నాయకుడగు నైస్మిత్‌గారును ఒప్పుకొనలేదు, అభ్యంతరము తెలిపెను. కాని యుద్ధకాలమున ఓడలో జానెడు చోటైనను వృథాగా పోరాదు. ఆయన మాట సాగలేదు.

ఏప్రిలు 12వ తేదీన ఓడ బొంబాయి విక్టోరియా డాకు చేరినది. 14వ తేదీ శుక్రవారము మధ్యాహ్నము పన్నెండున్నర ప్రాంతమున ప్రక్క ఓడలలోనివారికి కొందఱికి దానినుండి సన్నని పొగ కనబడెను. ఆ యోడవారికి తెలియకుండునా యని ఎవరికి వారే యూరకుండిరి. కూలీలు భోజనమునుండి మరలివచ్చి చూచునప్పటికి రెండవ గదిలోని ప్రత్తి రాజుకొనియున్నది. కారణమేమి? ఎవరో పారవైచిన సిగరెట్టు కావచ్చునని విచారణ సంఘమువారు తలంచిరి.

అటుపిమ్మట జరిగినది తలచుకొన్నచో మాకు నేటికిని గుండె నీరగుచున్నది. అగ్నిమాపకులు సుమారు 900 టన్నుల నీరు కుమ్మరించిరి. ఆ నీటిపై మండుచున్న ప్రత్తి తేలి, పైయంతరువులోని మందుగుండు వైపునకే లేచెను. ఓడను అక్కడనే ముంచుద మనిరి కొందఱు. డాకులో నీటిలోతు చాలదనిరి మఱికొందఱు. సముద్రములోనికి లాగించుటయా? ఆజ్ఞ యిచ్చు అధికారము ఎవరిదో తేలలేదు. పెద్దలందఱు తర్కించుచుండగా ఓడ ప్రక్క యినుపరేకు ఎఱ్ఱగా కాలినది. 3 గంటల 50 నిమిషములకు ఓడను విడువుడని యుత్తరువైనది. 4 గంటల 6 నిమిషములకు ఓడ ప్రేలెను. అరగంటలోపలనే రెండవ ప్రేలుడు.

ప్రక్కనున్న జలపద్మ యను సింధియావారి ఓడ (విశాఖపట్టణమున ఓడల కర్మాగారమునకు 1941లో పునాది వేయించినవారు వీరే) నీటినుండి పైకెగిరి గోడౌను కప్పుమీద పడినది. 1,700 కిలోమీటర్ల దూరమున సిమ్లాలోని భూకంపమాపక యంత్రము కదలినది. మండుచున్న ప్రత్తి యుండలు రేవు చుట్టునుగల పేదల యిండ్లపై వర్షించెను. పొయ్యిమీద పాలు పెట్టియో, బిడ్డను ఉయ్యెలలో పరుండబెట్టియో ఉన్న తల్లులకు అది ఏ శత్రువుల పనియో తెలియదు. ఎనుబదివేలమంది నిలువనీడ కోల్పోయిరి. అగ్నిమాపకులు 66 మంది నేలకొరిగిరి. నైస్మిత్‌గారును మరణించిరి. మొత్తము మృతులు ఎనిమిదివందలని కొందఱు, పదుమూడువందలని కొందఱు వ్రాసియున్నారు. దినకూలీల పేర్లకు పట్టిక లెక్కడివి?

వార్తను ప్రభుత్వమువారు దాచిరి. జపానువారి చేతిలోనున్న సైగాను రేడియో మఱునాడే చాటినను, మన విలేఖరులకు మే నెల రెండవ వారమువరకు పంపుటకు అనుజ్ఞ దొరకలేదు. బొంబాయిలో భర్తయో కొడుకో ఉన్న యిల్లాండ్రు ఆ నాలుగు వారములు ఎట్లు గడపిరో!

బంగారము మాటయా? ఒక కడ్డీ మైలు దూరమునకు మించి యెగిరి ఒక పారసీ గృహస్థుని వసారా కప్పును చీల్చి పడినది. ఆయన దానిని ప్రభుత్వమునకు అప్పగించి, తనకిచ్చిన బహుమానమును బాధితుల సహాయనిధికి ఇచ్చెనట. తక్కినవి డాకు బురదలో మునిగినవి. ఎనిమిదివేలమంది ఏడు మాసములు శ్రమించి ఐదులక్షల టన్నుల శిథిలములు తొలగించిన తరువాతగూడ కొన్ని మిగిలిపోయినవి. 2011లో సైతము పూడిక తీయువారికి కడ్డీలు దొరకినవి. బొంబాయి బైకుల్లాలోని అగ్నిమాపక దళ ప్రధాన కార్యాలయమున ఆ 66 మందికి స్మారకము నిలిపియున్నారు. ఏటేట ఏప్రిలు 14న అచ్చట పూలమాల వేయుదురు.