సగం నిండిన సీసా

ఉత్తర చెన్నైలోని తండయార్‌పేట పేరు మన పాఠకులలో చాలామంది ఎరిగినదే. 2013లో అక్కడ భూమిలోని గొట్టం నుండి చమురు కారి, కొన్ని ఇళ్ళ బోరునీళ్ళలో కలిసింది. అది విన్న నాటినుండి మా ఇంటి నీళ్ళు కొంచెం వాసన వేసినా మాకు గుండె దడే.

కిందటి వేసవిలో అటువంటి అనుమానమే వచ్చింది. ఒక సీసాలో సగంవరకు నీళ్ళు పట్టి, రెండు రోజులు అలమారులో వుంచి, పరీక్షశాలకు తీసుకొని వెళ్ళాము. అక్కడి కుర్రవాడు సీసా చూచి, "అయ్యా, మీరు వెతికేదానిలో కొంత నీళ్ళలోనుంచి లేచి పై గాలిలో చేరివుంటుందండీ. మూత తీస్తే అదీ పోతుంది. దీన్ని పరీక్షించి లాభం లేదు" అన్నాడు.

పెట్రోలులో వుండే బెంజీను, టోలుయీను వంటివి కర్పూరం జాతివి, ఊరకే ఎగిరిపోతాయి. అందుచేత చిన్న గాజుసీసాను అంచుదాకా, ఒక్క బుడగ లేకుండా నింపి, మూత బిగించి, తలక్రిందులు చేసి చూచి, చల్లగా వుంచి వెంటనే అందజేయాలట.

ఆపైన పని యంత్రానిది. నీటిలోనుంచి హీలియం వంటి శుద్ధవాయువును బుడగలుగా పంపితే ఎగిరే పదార్థాలు దానితో లేచివస్తాయి. వాటిని పట్టి, వేడిచేసి, పదుల మీటర్ల పొడుగున్న సన్నని గొట్టంలోకి తోలుతారు. గొట్టం లోపలి పూతను పట్టుకొని వ్రేలాడేవి వెనుకబడతాయి, తక్కినవి ముందుకు సాగుతాయి. ఏది ఎప్పుడు బయటపడిందో చూచి పేరు, ఎంత వచ్చిందో చూచి లెక్క తేలుస్తారు. జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు 1952లో లోకానికి తెలిపిన యీ పద్ధతికి గ్యాస్ క్రొమటోగ్రఫీ అని పేరు.

బెంజీను రక్తపు క్యాన్సరు తెచ్చే వస్తువు. త్రాగే లీటరు నీటిలో గ్రాములో లక్షవ వంతు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంత స్వల్పం ముక్కుకు అందదు. వాసన లేదు గనుక భయం లేదనుకోవటం పొరపాటు.

రెండవమారు సరిగా పట్టి ఇచ్చాము. దోషమేమీ కనబడలేదని కాగితం వచ్చింది. "ఆ మాట నేను అప్పుడే చెప్పాను గదా అన్నయ్యగారూ!" అన్నది పక్కింటి చెల్లెమ్మ. నిజమే. కాని ఆ సగం సీసానే పరీక్షించి వుంటే, నీళ్ళు చెడ్డవైనా యీ కాగితమే వచ్చి వుండవచ్చు. ఆఫీసులో మేము నిత్యం చూచేదే: చిట్టాలో ఎక్కని పద్దును ఏ ఆడిటరూ పట్టలేడు.