ఎవరి నష్టం? ఎవరికి శిక్ష?

సహకార పరపతి సంఘం మూతపడిన ప్రతిసారీ వినవచ్చే మాట ఒక్కటే: "నష్టాలొచ్చాయి." నష్టమేదో అకాలవర్షంలా ఆకాశం నుంచి ఊడిపడినట్టు! అప్పు ఎవరికిచ్చారు, ఏ హామీ మీద ఇచ్చారు, ఎందుకు వసూలు కాలేదు? ఈ మూడింటికీ జవాబు లేకుండా నష్టమనడం లెక్క చెప్పడం కాదు, లెక్క ఎగ్గొట్టడం.

2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు కుప్పకూలింది. ఆ వెంటనే చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకులదీ అదే దారి. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరిలో అది 5 లక్షలయింది. కనుకనే 2024 నవంబరులో విజయవాడ దుర్గా సహకార అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దు చేస్తూ, డిపాజిటర్లలో 95.8 శాతం మందికి సొమ్ము పూర్తిగా అందుతుందని రిజర్వు బ్యాంకు చెప్పగలిగింది.

మరి 2022లో కాకినాడ జయలక్ష్మి సంఘం తలుపులు మూసినప్పుడో? అది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనది. అటువంటి సంఘాల డిపాజిట్లకు ఆ బీమా వర్తించదు. వేలమంది దాచుకున్న సొమ్ము చిక్కుబడిపోయింది.

సర్కారు పెత్తనం నుంచి సంఘాలను విడిపించడం ఆ చట్టం ఉద్దేశం. మంచిదే. కాని పెత్తనం తొలగడం వేరు, పర్యవేక్షణ తొలగడం వేరు. పాలకవర్గం మీద నిఘా సర్వసభ్య సమావేశానిదట! ఆ సమావేశంలో చేతులెత్తడమే తప్ప పద్దులు విప్పి చూపమని అడిగే సభ్యులెందరు?

"అధిక వడ్డీకి ఆశపడ్డవాళ్లదే తప్పు" అంటారు కొందరు. బోర్డు మీద రిజిస్ట్రేషను నంబరు చూసి నమ్మినవాడిదా తప్పు, ఆ నంబరిచ్చి చేతులు దులుపుకున్నవాళ్లదా?

"అయితే అన్నీ మూసేస్తే సరి" అనేవారు ఒకసారి సూర్యలంక రావాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవ ఒడ్డునే ఉంటుంది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. సంఘం లేనిచోట మత్స్యకారుడికి మిగిలేది వడ్డీవ్యాపారి గడపే.

కనుక నేను కోరేది మూత కాదు. డిపాజిట్లు తీసుకునే ప్రతి సంఘానికీ బయటి ఆడిట్, బీమా తప్పనిసరి కావాలి. బీమా లేకపోతే ఆ మాట గుమ్మం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి. మొండిబాకీల చిట్టా ఏటా సభ్యుల ముందు చదవాలి. అందులో పాలకవర్గం బంధువుల పేర్లుంటే ముందుగా అవే చదవాలి!