అవసరమైనంత వేగం చాలన్న స్విట్జర్లాండ్

యూరప్ రైళ్ల గురించి మాట్లాడుకుంటే చర్చంతా వేగం చుట్టూనే తిరుగుతుంది. ఫ్రాన్స్ రైళ్లు గంటకు 300 కిలోమీటర్లకు పైగా పరుగెడుతున్నాయి. స్విట్జర్లాండ్ ఆ పోటీలోకి దిగలేదు. అయినా తలసరి రైలు ప్రయాణంలో యూరప్‌లో ముందున్నది ఆ దేశమే. ఆ ఘనత ప్రధానంగా టైంటేబుల్‌దే.

గంట కొట్టడానికి ఐదారు నిమిషాల ముందు జ్యూరిక్ ప్రధాన స్టేషన్‌లో ఈ ఏర్పాటును కళ్లారా చూడొచ్చు. నలుదిక్కుల నుంచీ రైళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగుతాయి. జనం దిగి, పక్క ప్లాట్‌ఫాంలకు మారిపోతారు. గంట దాటిన కాసేపటికే రైళ్లు మళ్లీ నలువైపులకూ కదులుతాయి. ప్లాట్‌ఫాం గడియారంలో ఎర్రటి సెకన్ల ముల్లు దాదాపు 58 సెకన్లలోనే చుట్టు తిరిగొచ్చి, పైన కాస్త ఆగుతుంది. నిమిషాల ముల్లు జరిగాకే మళ్లీ బయలుదేరుతుంది. రైలు కచ్చితంగా నిమిషం మారగానే కదలాలన్నదే దాని ఉద్దేశం.

1972లో కొందరు యువ రైల్వే ఇంజినీర్లు దేశమంతటికీ ఒకే క్రమంలో నడిచే టైంటేబుల్‌ను ప్రతిపాదించారు. 1982లో అది అమలులోకి వచ్చింది. ముఖ్యమైన మార్గాల్లో గంటగంటకూ, అదే నిమిషానికి రైలు. ఆ తర్వాత వచ్చిన ‘రైల్ 2000’ పథకానికి 1987 డిసెంబర్‌లో ప్రజలు ఓటు వేసి ఆమోదం తెలిపారు. వీలైనంత వేగం కాదు, అవసరమైనంత వేగం అన్నది దాని సూత్రం.

అవసరమైనంత అంటే ఎంత? రెండు జంక్షన్ల మధ్య ప్రయాణం గంటకో, అరగంటకో కాస్త తక్కువ ఉండాలి. 62 నిమిషాలు పట్టిందా, అవతల కనెక్షన్ రైలు వెళ్లిపోతుంది. 56 నిమిషాల్లో చేరితే అందుతుంది. దాన్ని 45కి కుదించినా కనెక్షన్ ప్రయాణికుడికి ఒరిగేదేమీ లేదు, స్టేషన్‌లో ఎదురుచూపు తప్ప. అందుకే ముందు టైంటేబుల్ గీసుకుని, ఏ మార్గంలో ఎన్ని నిమిషాలు తగ్గాలో తేల్చుకుని, అక్కడే పట్టాలు వేశారు. మాట్‌స్టెటెన్, రోత్‌రిస్ట్ మధ్య 45 కిలోమీటర్ల కొత్త లైను 2004 డిసెంబర్‌లో మొదలైంది. గంటకు పైగా పట్టే బెర్న్–జ్యూరిక్ ప్రయాణం 56 నిమిషాలకు తగ్గింది. నా దృష్టిలో ఈ వరుసే అసలు పాఠం. చాలా దేశాలు ముందు లైను వేసి, ఆనక టైంటేబుల్ గురించి ఆలోచిస్తాయి.

లోపాలు లేవని కాదు. బెర్న్–లోసాన్ ప్రయాణాన్ని గంట దగ్గరకు తేవడానికి కొత్త పట్టాలకు బదులు, వంపుల్లో వేగంగా పోగల రైళ్లను నమ్ముకున్నారు. ఆ సాంకేతికత ఫలించక 2022లో ఆ ఆలోచననే మానుకున్నారు. ఛార్జీలూ ఎక్కువే. సగం ధరకు టికెట్ ఇచ్చే వార్షిక కార్డు లేకపోతే సామాన్యుడికి భారమే.

ఇంత బిగుతైన అల్లికలో ఒక్క రైలు ఆలస్యమైతే దాని వెనకవన్నీ దెబ్బతింటాయి. 2024లో స్విస్ రైల్వేలో దాదాపు 93 శాతం రైళ్లు సమయానికి చేరాయి. అక్కడ మూడు నిమిషాలు దాటితే ఆలస్యం కిందే లెక్క. ఆరు నిమిషాల దాకా సడలింపు ఉన్న జర్మనీలో దూరప్రాంత రైళ్లకు అది 62 శాతం దగ్గరే ఆగింది. అందుకే బాగా ఆలస్యంగా వచ్చే జర్మన్ రైళ్లను సరిహద్దులోని బాసెల్‌లోనే ఆపేసి, అక్కడి నుంచి స్విస్ రైలు నడుపుతున్నారు.

వీటన్నిటికీ డబ్బు ఏటికేడు బడ్జెట్ దయ మీద ఆధారపడి రాదు. 2014 ఫిబ్రవరిలో రైలు మార్గాల నిర్వహణకు, విస్తరణకు శాశ్వత నిధి ఏర్పాటు చేయాలా అని ప్రభుత్వం ప్రజలనే అడిగింది. 62 శాతం మంది ఔనన్నారు.