జవాను సరే, కిసాను సంగతేమిటి?

దేశరక్షణ అనగానే అందరికీ సరిహద్దు, తుపాకి గుర్తుకొస్తాయి. నాకు యూరియా బస్తా గుర్తుకొస్తుంది. తెల్లారకముందే పోయి, లైన్ల చెప్పులు పెట్టి, మధ్యాహ్నం దాకా ఎండలో కూసున్న బాపును చూసినవాణ్ణి నేను.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. మరోపక్క తిండిగింజలకు అమెరికా వైపు చూడవలసిన దుస్థితి. అప్పుడే లాల్ బహదూర్ శాస్త్రి ‘జై జవాన్, జై కిసాన్’ అన్నారు. ఆ ఏడాది నవంబరులోనే ఢిల్లీలో రక్షణ అధ్యయనాల సంస్థ పుట్టింది. దానికి లాభాపేక్ష లేదు. ఖర్చు రక్షణశాఖ భరిస్తుంది. యుద్ధాలెందుకొస్తాయో, ఎలా తప్పించవచ్చునో ఆలోచించి చెప్పేవారు దేశానికి అవసరమే.

అయితే మన రామగుండం చూడండి. 1980లో బొగ్గుతో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారం నడిచేది గ్యాస్‌తో. దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం ఓడల మీద రావలసిందే. కాళ్ల కింద సింగరేణి బొగ్గు, చూపు మాత్రం సముద్రం మీద! ఎక్కడో యుద్ధమొచ్చి ఓడలాగితే, ఇక్కడ ఎరువు అందక మా వరి పసుపెక్కుతుంది. ఇది రక్షణ విషయం కాదా?

ఆ సంస్థ మేధావులు ఇంధన భద్రత మీద కూడా రాస్తున్నారు, సంతోషం. కాని బొగ్గు నుంచి మళ్లీ ఎరువు తీయడం లాభమా నష్టమా అన్నది గనిలో దిగే కార్మికుణ్ణి, మా బాపును కూడా అడిగి రాయాలి. రాసింది తెలుగులో మన కాలేజీ లైబ్రరీకి చేరాలి. అప్పుడే శాస్త్రిగారి నినాదంలో రెండో సగానికి కూడా న్యాయం జరుగుతుంది.