గండిపేటకు జనాభా సాకు

హైదరాబాద్ పెరుగుతోంది, జనం వస్తూనే ఉంటారు, వాళ్లకు చోటు కావాలంటే జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని తెరవక తప్పదు. ఈ మాట ఎన్నిసార్లు వినబడిందంటే ఇప్పుడెవరూ రుజువు అడగడం లేదు. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో కట్టడాలకు కళ్లెం వేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ కళ్లేన్ని సడలించింది. 2023 మేలో మంత్రివర్గం 111ను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ నిర్ణయాలకు ఊతమిచ్చిన జనాభా వాదం తలకిందుల వాదం. భూములు తెరిస్తే వచ్చి పడే జనాన్నే, భూములు తెరవడానికి కారణంగా అది చూపిస్తోంది.

జనాభా అంచనా ఎలా కడతారో చూస్తే ఇది తెలుస్తుంది. లెక్కలోకి వచ్చేవి మూడే: పుట్టుకలు, చావులు, వలసలు. రాష్ట్రం మొత్తానికి లెక్క కట్టేటప్పుడు మొదటి రెండిటిదే పెద్ద వాటా. అవి నెమ్మదిగా మారతాయి కనుక అంచనా మరీ గురి తప్పదు. కొద్ది మండలాలకు కట్టేటప్పుడు వలసే సర్వస్వం. తెలంగాణలో సంతాన రేటు 1.8 అని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఒక తరం స్థానాన్ని మరో తరం నింపడానికి కావలసిన 2.1కి అది దిగువన ఉంది. కాబట్టి ఈ పరిధిలోని మొయినాబాద్‌లోనో శంకర్‌పల్లిలోనో జనం ఇబ్బడిముబ్బడిగా పెరిగితే ఆ ఊళ్ల కాన్పుల వల్ల పెరగరు. రోడ్డు ఎటు వేస్తే, లేఅవుట్‌కు అనుమతి ఎక్కడ ఇస్తే అక్కడికి వలస వస్తుంది. ఉస్మాన్‌సాగర్‌కు కూతవేటు దూరంలోని కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఔటర్ రింగు రోడ్డు, అంతస్తులకు పరిమితి లేని నిర్మాణ నిబంధనలు లేకుండా ఆ ధర వచ్చేది కాదు. రెండూ ప్రభుత్వ నిర్ణయాలే. పైగా ఈ అంచనాలన్నిటికీ పునాది 2011 జనగణన. ఆ తర్వాత కొత్త జనగణన లెక్కలు రాలేదు.

సరే, జనం నిజంగానే వస్తారనుకుందాం. 2011లో జీహెచ్‌ఎంసీ పరిధిలోని దాదాపు 650 చదరపు కిలోమీటర్లలో 67 లక్షల మంది ఉన్నారు. 84 గ్రామాల విస్తీర్ణం సుమారు 534 చదరపు కిలోమీటర్లు. అదే సాంద్రతతో నింపితే అక్కడ 55 లక్షల మంది పడతారు, అంటే చెరువుల నెత్తిన ఇంకో హైదరాబాద్. ఇక హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మొదటి నుంచీ చూస్తున్న ప్రాంతం 7 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అందులో ఈ 84 గ్రామాలు ఎనిమిది శాతం కూడా కావు. మిగిలినదాంట్లో అడవులు, చెరువులు, రక్షణ శాఖ భూములు, సేద్యం కోసం ఏకంగా సగం వదిలేసినా, అదే సాంద్రతతో మూడు కోట్ల మందికి పైగా ఉండొచ్చు. 2011లో తెలంగాణ మొత్తం జనాభాయే మూడున్నర కోట్లు. చోటు లేదనే మాట ఈ కూడికల ముందు నిలబడదు. కొరత ఉన్నది పడమటి దిక్కున, ఐటీ కారిడార్ పక్కన, ధర పలికే చోటుకే.

నగరం తాగే నీటిలో ఈ జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదన్నది ప్రభుత్వం ముందుకు తెచ్చిన మరో వాదన. కృష్ణా, గోదావరి జలాలు వచ్చాక ఈ శాతం తగ్గింది. ఉస్మాన్‌సాగర్ 3.9 టీఎంసీల సామర్థ్యం అలాగే ఉంది. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోయాలి. గండిపేట నీళ్లు వాలు మీదే దిగివస్తాయి. తాగునీటి మాట అటుంచితే, అసలు ఈ ఆనకట్టలు కట్టించింది 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద. విశ్వేశ్వరయ్య సూచనతో 1920లో ఒకటి, 1927లో రెండోది పూర్తయ్యాయి. పొలం వాననీటిని ఇంకించుకుంటుంది, కాంక్రీటు దాన్ని ఒక్క ఉదుటున చెరువులోకి తోస్తుంది. గేట్లు ఎత్తడానికి దొరికే వ్యవధి ఆ మేరకు తగ్గిపోతుంది. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డునున్న మహాత్మాగాంధీ బస్టాండులోకి నీళ్లు వచ్చాయి. పరీవాహక ప్రాంతం ఇంకా కట్టడాలతో నిండకముందు మాట ఇది.

రైతుల వాదన మాత్రం వేరు, అది న్యాయమైనది. గట్టుకు అవతలి భూమి కోట్లు పలుకుతుంటే ఇవతలి రైతు ముప్ఫై ఏళ్లుగా నగరం కోసం నష్టపోతున్నాడు. ఆ నష్టాన్ని నగరమే భరించాలి. రోడ్ల విస్తరణలో స్థలం పోయినవారికి బదలాయించుకోగల నిర్మాణ హక్కులు (టీడీఆర్) ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. దాన్ని ఈ గ్రామాలకూ వర్తింపజేసి, కోకాపేట లాంటి చోట్ల ఆకాశమంత ఎత్తుకు కట్టుకునేవారు ఆ హక్కుల్ని రైతుల దగ్గరే కొనేలా నిర్బంధం చేయవచ్చు. నిబంధన ఎత్తేస్తే లాభం ఎవరికి? ఎప్పుడో కారుచౌకగా ఎకరాలు అమ్ముకున్న చిన్న రైతుకు మాత్రం కాదు. ఇప్పటికే అక్రమ కట్టడాలు వెలిశాయి, ఇంక ఆపి లాభమేమిటనేవారూ ఉన్నారు. కట్టకు గండి పడితే పూడ్చుకుంటాం తప్ప కట్టను తవ్వేయం కదా.

2050 దాకా చూసే కొత్త మాస్టర్ ప్లాన్ తయారవుతోంది. ముసాయిదా మీద అభ్యంతరాలు అడిగినప్పుడు ప్రతి పౌరుడూ ఒక్క ప్రశ్న రాసి పంపాలి: ఈ 84 గ్రామాలను తెరవకపోతే మీ జనాభా అంచనా ఎంత, తెరిస్తే ఎంత? ఆ రెండు అంకెలూ పక్కపక్కన అచ్చు వేసేదాకా ముసాయిదాకు ఒప్పుకోకండి.