తలకు బంగారం, ఒంటికి వెలి

'శరీరమూ సమాజమూ' అనే మాట శిల్ప ప్రదర్శనల ఆహ్వాన పత్రాల మీద తరచుగా కనబడుతోంది. మంచిదే. కాని ఏ శరీరం? ఎవరి సమాజం? ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ముందు మనకే వుంది. ఎందుకంటే ఈ దేశంలో సమాజాన్ని ఒక శరీరంగా చెక్కిన పాత శిల్పం ఏ గ్యాలరీలోనూ లేదు. అది రుగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తంలో వుంది. నోరు బ్రాహ్మణుడన్నారు, చేతులు క్షత్రియుడన్నారు, తొడలు వైశ్యుడన్నారు, పాదాల నుంచి శూద్రుడు పుట్టాడన్నారు. మనకు ఆ ఒంట్లో కాలిగోరంత జాగ కూడా ఇయ్యలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో అచ్చయిన 'శూద్రులెవరు?' పుస్తకంలో మొట్టమొదట నిలదీసింది ఈ సూక్తాన్నే. కనుక మనిషి శరీరాన్ని చూపెట్టే శిల్పి ఎవరైనా సరే, తెలిసో తెలియకో ఆ పాత బొమ్మకు జవాబు చెప్పాల్సిందే.

మన తెలుగు శిల్పుల్లో దేశం బయట కూడా పేరున్నవాడు జి. రవీందర్ రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టాడు. బరోడాలో, ఆ తర్వాత లండన్‌లో చదివాడు. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో శిల్పకళ బోధించాడు. 2022లో కోల్‌కతాలో ఇమామి ఆర్ట్ గ్యాలరీ ఆయన ఒక్కని శిల్పాలతో ప్రదర్శన పెట్టింది. దాని ఇంగ్లీషు పేరును మన మాటల్లో చెప్పుకుంటే 'తలలూ శరీరాలూ, ప్రతిమలూ విగ్రహాలూ'. ఆయనకు పేరు తెచ్చినవి తలలు. ఫైబర్‌గ్లాసుతో చేసిన, మనిషిని మించిన సైజు ఆడమనిషి తలలు. వాటికి బంగారు పూత, లేదంటే కొట్టొచ్చినట్టు కనబడే రంగు. రెప్ప వాల్చని పెద్ద పెద్ద కండ్లు. నున్నగా దువ్విన జుట్టు, వెనక కొప్పు, కొప్పులో పూలు.

ఒప్పుకోవాల్సింది ముందు ఒప్పుకుందాం. రవివర్మ బొమ్మల కాలం నుంచి క్యాలెండర్ మీదికెక్కిన దేవతకు తెల్లతోలు, సన్నముక్కు తప్పనిసరి అయిపోయింది. ఆ అందానికి ఎదురుగా వెడల్పు ముక్కు, మందపు పెదవులు వున్న ముఖాన్ని అంత ఎత్తున నిలబెట్టడం చిన్న పని కాదు. ఆ తల ఎవరి ముందూ వంగదు. చూసేవాళ్లనే తిరిగి చూస్తుంది. నేను ఆ ఫొటో ఒకటి మా తొమ్మిదో తరగతిలో చూపెడితే పిల్లలు ఒక్క గొంతుతో "పోచమ్మ, సార్" అన్నారు. ఏ విమర్శకుడూ చెప్పకుండానే వాళ్లకు తెలిసింది. అయితే పాలిష్ మిషన్ పనికి పొయ్యే తల్లి బిడ్డ ఒకామె ఇంకో మాట అడిగింది. "సార్, గీమెకు చేతులేవి?"

అసలు ప్రశ్న అదే. రవీందర్ రెడ్డి నిలువెత్తు ఆడ శరీరాలు కూడా చేశాడు. కాని నేను ఫొటోల్లో చూసినంతవరకు అవి నిలబడిన శరీరాలు, సింగారించుకున్న శరీరాలు. పనిలో వంగిన నడుము, కాయలు కాసిన అరచెయ్యి వాటిలో కనబడలేదు. ఇది ఒక్క శిల్పి మీద నేరం మోపే మాట కాదు. ఈ అలవాటు మన సమాజంలోనే చాలా పాతది.

ఎల్లమ్మ కథ మన వాడల్లో తెలియనిదెవరికి? బైండ్లోళ్లు జమిడిక వాయించుకుంట చెప్తరు. ఊరూరికీ కథ కొంచెం మారుతది గాని అసలు ముచ్చట ఒకటే. పరశురాముడు తండ్రి మాట మీద తల్లి రేణుకను నరకబోతడు. ఆమె వచ్చి దాక్కున్నది మాదిగింట్ల. అడ్డమొచ్చిన మాతంగి తల కూడా తెగుతది. మళ్లీ బతికించేటప్పుడు ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతుకుతది. దీని అర్థం ఏమిటి? ఊరు మొక్కే ఎల్లమ్మ తలకింద వున్నది మాదిగ ఆడదాని ఒళ్లు! అందుకేనేమో చాలా గుళ్లల్లో ఎల్లమ్మకు తల ఒక్కటే పెడతరు. తల గుళ్లె వుంటది, మొండెం వాడల వుంటది. తలకు పసుపు కుంకుమ, మొండేనికి వెలి. ఇప్పుడు గ్యాలరీ కూడా అదే పని చేస్తే మనం చూసి మెచ్చుకుని రావాలా?

మొండెం ఎక్కడుందో తెలుసుకోవాలంటే తాండూరు రావాలి. ఇక్కడి నాపరాయి భూమిలో పొరలు పొరలుగా వుంటుంది. ఒక్కొక్క పొరను గడ్డపారతో లేపాలి, పగలకుండా బయటికి తియ్యాలి, కోయాలి, పాలిష్ పట్టాలి, లారీకెత్తాలి. హైదరాబాదులో ఎన్ని ఇండ్ల కింద, ఎన్ని ఆఫీసుల కింద మన షాబాదు బండలు, తాండూరు బండలు పరుచుకుని వున్నయో లెక్క లేదు. ఆ నున్నటి బండ మీద నడిచేవాళ్లకు దాని కింద నలిగిన వేలు కనబడదు. నలభై ఏండ్లకే వంగిపోయిన నడుము కనబడదు. రాతి దుమ్ములో వుండే సిలికా ఊపిరితిత్తులను తింటుందని, అట్లా దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో క్షయ తొందరగా చేరుతుందని డాక్టర్లు చెప్తారు. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్టమీద నిజాం కాలం నుంచి క్షయ ఆసుపత్రి వుంది. మన జిల్లాలో శరీరం గురించి శిల్పం చెయ్యాలనుకునేవాడు కండ్లతో కాదు, ఊపిరితిత్తులతో మొదలుపెట్టాలి.

పనిచేసే ఒంటిని శిల్పంలో చూపెట్టడం సాధ్యం కాదా? అయ్యింది. 1938లో శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ సంతాల్ కుటుంబాన్ని సిమెంటు, కంకరతో ఆరుబయట నిలబెట్టాడు. పిల్లలతో, సామానుతో, కుక్కతో సహా నడిచిపోతున్న కుటుంబం అది. ఆయన క్షౌరవృత్తి కుటుంబంలో పుట్టినవాడు. మద్రాసు మెరీనా బీచిలో 1959 నుంచి దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పం వుంది. నలుగురు కూలీలు కలిసి బండరాయిని కదిలిస్తుంటారు. మన గనుల్లో రోజూ జరిగే పనే! నాగపూర్ దళిత చిత్రకారుడు సవి సావర్కర్ మెడలో ముంత, వెనక చీపురు కట్టించిన అంటరాని మనిషిని గీసి చూసేవాళ్లకు నిద్ర లేకుండా చేశాడు. కాబట్టి చేతకానిది కళకు కాదు. చూడదలచుకోని కండ్లకు చేతకాదు.

"కళకు కూడా కులం అంటగడతరా?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. అయ్యా, మేము అంటగట్టలేదు. అంటిన దాన్ని చూపెడుతున్నాం. బంగారు పూత పూసిన తలను నూరి, రుద్ది, నునుపు చేసిన సహాయకుల పేర్లు గ్యాలరీ గోడమీద ఎందుకుండవు? శిల్పి పేరు మాత్రమే వుండి, చెమట పేరు లేకుండా పోవడం కులం కాకపోతే మరేమిటి?

గ్యాలరీల లెక్కలోకి రాని శిల్పం ఒకటి మన దగ్గర వుంది. అంబేద్కర్ విగ్రహం. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల విగ్రహాలు ఆవిష్కరించారు. నేను చెప్పేది వాటి గురించి కాదు. చందాలేసుకుని మన వాడ మూలమీద నిలబెట్టుకున్న సిమెంటు విగ్రహం గురించి. కోటు, బూట్లు, చేతిలో పుస్తకం, చాపిన వేలు. చెప్పులు చేతబట్టుకుని ఊరు దాటాల్సిన శరీరానికి బూట్లు తొడిగిన శిల్పం అది. శరీరమూ సమాజమూ అనే విషయం మీద ఇంతకంటే సూటిగా మాట్లాడిన శిల్పం ఏది? కాదంటే, రాత్రిపూట వచ్చి ఆ వేలునే ఎందుకు విరగ్గొడతరు? పగవానికి అర్థమైన కళ విమర్శకునికి ఎందుకు అర్థం కాదు?

కనుక మన సంఘాలు అడగాల్సినవి కొన్ని వున్నాయి. శిల్ప ప్రదర్శనలు మహానగరాల్లోనే కాదు, వికారాబాదు, తాండూరు బడుల్లో కూడా పెట్టాలి. సర్కారు బడిలో డ్రాయింగ్ టీచర్ వుండాలి. మాసబ్ ట్యాంకులోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో సీటు వుంటుందని బండలు కొట్టేటోని బిడ్డకు ఎవరో ఒకరు చెప్పాలె గదా! ప్రతి శిల్పం కింద దాన్ని చేసిన చేతులన్నిటి పేర్లు రాయాలి. వాడలో పెట్టే ప్రతి అంబేద్కర్ విగ్రహం దిమ్మె మీద ఆవిష్కరించిన నాయకుని పేరుతో పాటు దాన్ని పోతపోసిన పనివాని పేరు కూడా చెక్కించాలి. ఈ పనికి ఏ అకాడమీ అనుమతీ అక్కర్లేదు. వచ్చే ఏప్రిల్ 14 నుంచే మన వాడల్లో మొదలుపెడదాం.

జై భీం.