సూదివైద్యం: తగ్గిన నొప్పి, నిలవని సిద్ధాంతం

ఆక్యుపంక్చర్ ప్రస్తావన వస్తే చదువుకున్న తెలుగువారు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతారు. వేల ఏళ్ళు నిలిచిన విద్య అబద్ధమెలా అవుతుందని ఒక పక్షం. శవాన్ని కోసి చూసినా కనిపించని నాడుల పేరిట సూదులు గుచ్చడం మోసమని రెండో పక్షం. రెండు పక్షాలకూ చెరొక మంచి పుస్తకం ఉంది. టెడ్ కాప్‌చుక్ రాసిన ‘ద వెబ్ దట్ హాజ్ నో వీవర్’ 1983లో వచ్చింది. సైమన్ సింగ్, ఎడ్జార్డ్ ఎర్నస్ట్ కలిసి రాసిన ‘ట్రిక్ ఆర్ ట్రీట్‌మెంట్’ 2008లో వచ్చింది. మోకాళ్ళ నొప్పితోనో నడుము నొప్పితోనో ఏళ్ళ తరబడి బాధపడే మనిషికి వైద్యుడు ఏం చెప్పాలన్న ప్రశ్నను ముందు పెట్టుకుని ఈ రెంటినీ చదివితే, ఏ ఒక్కటీ పూర్తి జవాబు ఇవ్వదని తేలుతుంది.

కాప్‌చుక్ అమెరికన్. మకావులో చైనా వైద్యం నేర్చుకుని వచ్చి, దాని లోకదృష్టిని పాశ్చాత్య పాఠకులకు వివరించాడు. కడుపులో పుండు ఉన్న ఆరుగురిని చైనా వైద్యుడు ఆరు వేర్వేరు రోగాలు గలవారిగా ఎలా చూస్తాడో చెప్పే భాగం నేటికీ చదవదగ్గది. తెలుగు పాఠకుడికి ఇందులో కొరుకుడు పడనిది తక్కువ. ‘చీ’ అనగానే ప్రాణవాయువు గుర్తొస్తుంది. కీళ్ళనొప్పికి వాతమని పేరు పెట్టడం, ఒంటికి వేడి చేసిందనడం తెలుగిళ్ళలో నిత్యం వినపడే మాటలే. చైనా వైద్యులు ఎండబెట్టి ఒంటి మీద వెచ్చగా కాల్చే మోక్సా ఆకు, వినాయక చవితి పత్రిలోని మాచిపత్రికి దగ్గరి చుట్టం. పల్లెల్లో నొప్పులకు పెట్టే చురకలూ ఆ కోవలోవే. అయితే పరిచయమైనదల్లా నిజం కాదు. తెలిసిన మాటలు కనిపించేసరికి తల ఊపడం ఈ పుస్తకం చదివే తెలుగువారికి ఎదురయ్యే ప్రమాదం.

అవిచ్ఛిన్న సంప్రదాయమన్న మాటను చైనా చరిత్రే బలపరచదు. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో సూదివైద్యాన్ని నిషేధించాడు. 1929లో జాతీయవాద ప్రభుత్వపు ఆరోగ్య మండలి పాత వైద్యాన్నంతటినీ రద్దు చేయాలని తీర్మానించింది. దేశీయ వైద్యుల ఆందోళనతో అది అమలు కాలేదు. ఈ విద్యకు మళ్ళీ పీఠం వేసినవాడు మావో. కోట్లాది గ్రామీణులకు ఆధునిక వైద్యులు చాలని కాలంలో, నానా శాఖలుగా ఉన్న పాత పద్ధతులను ఒక పాఠ్యక్రమంగా కూర్చే పని ఆయన హయాంలోనే జరిగింది. ఆ మావో స్వయంగా చైనా మందులను నమ్మేవాడు కాదని ఆయన వ్యక్తిగత వైద్యుడు లీ జిసుయి తన జ్ఞాపకాల గ్రంథంలో రాశాడు.

పాశ్చాత్య దేశాల్లో ఈ విద్యకు పేరు తెచ్చిన కథకూ కొంత మెరుగు పెట్టారు. 1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ శస్త్రచికిత్స జరిగింది. ఆ చోటు మొద్దుబారడానికి వాడినది మామూలు మత్తు ఇంజెక్షనే. సూదులు గుచ్చింది ఆ తర్వాత వచ్చిన కడుపు ఉబ్బరానికి. ఆయన ఈ సంగతి స్పష్టంగానే రాశాడు. నోటినోటా పాకి, సూదులతోనే కోత కోశారన్న కథగా అది మారింది.

సింగ్, ఎర్నస్ట్‌ల పుస్తకం ఇలాంటి కథలను ఒక్కొక్కటిగా విప్పి, పరీక్షకు నిలిచేదేమిటని అడుగుతుంది. మందు పరీక్షకు పంచదార బిళ్ళ ఉంది. మరి సూదికి? 1998లో జర్మనీ వైద్యుడు స్ట్రైట్‌బర్గర్ ఒక ఉత్తుత్తి సూదిని పరిచయం చేశాడు. చర్మాన్ని తాకగానే దాని మొన పిడిలోకి జారిపోతుంది. రోగి గుచ్చుకుందనే అనుకుంటాడు. సూదిని శాస్త్రీయంగా పరీక్షించడానికి ఇలా ఒక దారి దొరికింది.

జర్మనీలోనే జరిగిన పెద్ద పరీక్షల్లో మరో పద్ధతి పాటించారు: శాస్త్రం చెప్పిన బిందువుల్లో కాక వేరేచోట్ల, పైపైన గుచ్చడం. నడుము నొప్పి ఉన్న 1,162 మందితో చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలలకు మేలు కనిపించినవారు అసలు సూదుల జట్టులో 47.6 శాతం, ఉత్తుత్తి సూదుల జట్టులో 44.2 శాతం, మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స పొందిన జట్టులో 27.4 శాతం. మోకాలి నొప్పిపై అంతకు ముందు ఏడాది వచ్చిన ఫలితాలూ ఇదే తీరు: వరుసగా 53.1, 51, 29.1 శాతం.

ఈ అంకెలను ప్రతి పక్షమూ తనకు కావలసిన చోట ఆపి చదువుకుంటుంది. సూది ఎక్కడ గుచ్చినా ఫలితం ఇంచుమించు ఒకటే అయినప్పుడు, ఎక్కడ గుచ్చాలో నిర్దేశించే నాడుల పటానికి విలువ ఏముంది? 39 పరీక్షల్లోని 20,827 మంది వివరాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో అసలు సూదిది కొంత పైచేయి అయింది గాని, ఆ తేడా చిన్నది. సిద్ధాంతం ఇక్కడ వీగిపోతుంది. కాని అసలైనా ఉత్తుత్తిదైనా సూది మామూలు చికిత్సను దాటిపోయిందన్నదీ అంతే నిజం. తమకు సూదులు దక్కలేదని తెలిసినవారి నిరాశ కొంత కారణమై ఉండవచ్చు. అంతరమంతా దాని ఖాతాలో వేస్తే మాత్రం ఆసుపత్రి వైద్యం తనను తాను మభ్యపెట్టుకున్నట్టే.

రోగికి అబద్ధం చెప్పి ఇచ్చే ఊరట వైద్యుడి మీద నమ్మకాన్ని తినేస్తుందని సింగ్, ఎర్నస్ట్ వాదిస్తారు. న్యాయమైన మాట. కాని అంతటితో ఆగిపోవడం ఆ పుస్తకపు లోపం. ఆ ఊరట దేని నుంచి వచ్చింది? అబద్ధం లేకుండా దాన్ని ఇవ్వలేమా? ఈ ప్రశ్న పట్టుకున్నవాడు కాప్‌చుకే. చైనా వైద్యానికి భాష్యం చెప్పిన ఆయన తర్వాత హార్వర్డ్‌లో ఉత్తుత్తి చికిత్సల పరిశోధకుడయ్యాడు. 2008లో ప్రచురించిన పరీక్షలో ఆయన బృందం పేగుల వ్యాధితో బాధపడే 262 మందిని మూడు జట్లు చేసింది. ఊరికే వేచి ఉన్నవారిలో 28 శాతానికి ఉపశమనం కలిగింది. ఐదు నిమిషాలైనా మాట్లాడకుండా ఉత్తుత్తి సూదులు పెట్టిన జట్టులో 44 శాతానికి. అవే సూదులు పెడుతూ, మొదటి రోజు ముప్పావుగంట ఓపిగ్గా కష్టసుఖాలు విన్న జట్టులో 62 శాతానికి. చివరి రెండు జట్లకూ సూదుల్లో తేడా లేదు. తేడా అంతా వినడంలోనే ఉంది.

అది పేగుల వ్యాధి, కీళ్ళనొప్పి వేరు అనవచ్చు. అయినా మోకాళ్ళు అరిగిన పెద్దావిడకు ఆసుపత్రిలో దక్కేదేమిటో చూడాలి. ఎక్స్‌రే తీస్తారు, ‘వయసు వల్ల’ అంటారు, కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీయగల బిళ్ళలు రాస్తారు. సూదుల గదిలో ఆమెను పడుకోబెడతారు, నొప్పి ఉన్నచోట చెయ్యి వేస్తారు, అరగంట పక్కనే ఉంటారు, మళ్ళీ రమ్మంటారు. ఆ అరగంటకు మీటలు, నాడులు అక్కరలేదు. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం దగ్గరుండి నేర్పడానికి, బరువు గురించి నొచ్చుకోకుండా మాట్లాడడానికి అదే సమయం చాలు. బ్రిటన్‌లో నైస్ సంస్థ నడుము నొప్పికి సూదులను 2009లో సిఫారసు చేసి 2016లో ఉపసంహరించింది. కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి 2021లో సరేనంది. కీళ్ళ అరుగుదలకు 2022లో వద్దంది. అమెరికా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలిక నడుము నొప్పికి ఏడాదికి 20 విడతల వరకు ఖర్చు భరిస్తోంది. ఈ ఊగిసలాట అంతా సూది చుట్టూనే. రోగితో గడిపే అరగంటకు ఎవరు వెల కడతారన్న చర్చ అరుదు.

కొన్ని హద్దులు మాత్రం దాటరానివి. పొద్దున్నే గంటసేపు వేళ్ళు బిగుసుకుపోయి, కీళ్ళు వాచి ఉంటే అది రుమటాయిడ్ కావచ్చు. కీలును తినేసే ఆ జబ్బును సూది ఆపదు. నెలలు గడిచేకొద్దీ నష్టం తిరిగిరానిదవుతుంది. సూదితో పాటు చేతిలో పెట్టే పొట్లం ఇంకా ప్రమాదకరం. మూలికలని అమ్మిన చైనా మాత్రల్లో ఫినైల్‌బ్యూటజోన్, అమినోపైరిన్ కలిసి, రక్తంలో తెల్లకణాలు పడిపోయిన రోగుల సంగతి 1975లోనే అమెరికా వైద్యపత్రికలో వచ్చింది. తెలుగు ఊళ్ళలో స్టెరాయిడ్ కలిపిన కీళ్ళనొప్పుల పొడులు వాడి ముఖం ఉబ్బి వచ్చినవాళ్ళను చూడని వైద్యుడు ఉండడు.

కనుక కాప్‌చుక్‌ను ముందు చదివి, సింగ్, ఎర్నస్ట్‌లను తర్వాత చదవడం మేలు. సూదులు పెట్టించుకోవాలా అని అడిగే రోగికి ఇవ్వదగ్గ జవాబు ఈ రెంటి మధ్యా దొరుకుతుంది: శుభ్రమైన సూదులతో, శిక్షణ ఉన్నవారి చేత పెట్టించుకుంటే కొంత ఉపశమనం కలగవచ్చు, హాని అరుదు, వాళ్ళు చెప్పే కారణం నమ్మనక్కరలేదు, వాళ్ళిచ్చే మాత్రలు మింగవద్దు, వ్యాయామం మానవద్దు. ఈ నాలుగు మాటలూ చెప్పడానికి రెండు నిమిషాలు పట్టవు. ఆ తర్వాత రోగి చెప్పేది వినడానికే అసలు సమయం కావాలి.